చిన్న లైను

ఆత్మకూరుకు రైలు లేదు. ఎన్నడూ లేదు. సంస్థానం ఉండేది, దానికో కోట ఉండేది, వారానికో అంగడి, అంగట్లో ఏటి అవతలి నుంచి పుట్టిలో దాటించిన మిరపకాయ బస్తాలు, చీరల మూటలు ఉండేవి గాని, పట్టాలు మాత్రం ఊరిని ఓ పది కిలోమీటర్లు ఎడంగా వదిలేసి, మదనాపురం పక్కనుంచి గద్వాల వైపు వెళ్ళిపోయాయి. స్టేషన్ ఉన్నది మదనాపురంలో, దాని పేరు వనపర్తి రోడ్డు, వనపర్తేమో అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైమాటే, ఇక తెల్లారగట్ల మూటాముల్లె సర్దుకుని బండెక్కడానికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆత్మకూరు, అమరచింత వాళ్ళు. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడేది కాదు. "టేషన్‌కు పోతున్న" అంటే మదనాపురం పోతున్నట్టే, మదనాపురంలో వేరే పనేం ఉంటుందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆ స్టేషన్ మూతపడలేదు. పోయినవాటి గురించి రాస్తానని కూర్చుని, బతికున్నదానికి దినం పెడుతున్నావేమిటని ఎవరైనా అడిగితే న్యాయమే. ఇవాళ అక్కడ కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి, తిరుపతి బండి వస్తోంది, బెంగళూరు బండ్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. పోయింది చిన్న లైను. పుస్తకాల్లో మీటర్ గేజ్ అని రాసేది, రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక్క మీటరు ఎడం, పెద్ద లైనుకైతే ఐదున్నర అడుగులు. చిన్న లైను, చిన్న బండి అన్న పేర్లు కూడా పెద్ద లైను వచ్చాక పెట్టినవే, అంతకుముందు మాకది ఉత్త రైలు, అంతకన్నా పెద్దది ఉంటుందని సికింద్రాబాద్ చూసొచ్చిన వాళ్ళు చెబితే తప్ప మాకు తెలియదు.

దాన్ని వేసింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో. మన్మాడ్ నుంచి గోదావరి లోయ గుండా సికింద్రాబాద్ దాకా మీటర్ గేజ్ పట్టాలు అప్పటికే ఉన్నాయి, కాచిగూడ స్టేషన్ 1916లో లేచింది, ఆ పట్టాలనే దక్షిణానికి లాక్కుంటూ వచ్చి మద్రాసు రాజ్యంలోని మీటర్ గేజ్‌తో కలిపారు. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, కౌకుంట్ల, కురుమూర్తి, వనపర్తి రోడ్డు, శ్రీరామ్‌నగర్, గద్వాల, ఇటిక్యాల, అలంపురం రోడ్డు, కర్నూలు, ద్రోణాచలం. మధ్యలో రెండు నదులు, కృష్ణ ఒకటి, తుంగభద్ర ఒకటి. చిన్నప్పుడు ఎక్కాలతో పాటు వచ్చేసింది ఈ వరస, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, బండెక్కిన ప్రతిసారీ కిటికీ పక్కనున్న ఎవరో ఒక పెద్దాయన తనలో తాను గొణుక్కుంటూ ముందు రాబోయే స్టేషన్ పేరు చెప్పేవాడు, వినీ వినీ అబ్బింది. ఇప్పటికీ ఒక్కోసారి నిద్ర పట్టకపోతే కాచిగూడలో మొదలుపెడతాను, ఇటిక్యాల దాటిన గుర్తు లేదు.

తాతకు ఈ లైను వేరే రకంగా గుర్తు. ఆయన వయసులో ఉన్నప్పుడు తుంగభద్ర వంతెన దాటడమంటే ఒక ఏలుబడి నుంచి ఇంకొక ఏలుబడిలోకి పోవడం, ఇటు నిజాం, అటు ఇంగ్లీషువాళ్ళ కర్నూలు. ఇక్కడి హాలీ సిక్కా అక్కడ చెల్లదు, కల్దార్లు కావాలి, ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. సుంకాలు వసూలు చేసే కరోడ్‌గిరి వాళ్ళు మూటలు విప్పించి, పసుపుకొమ్ముల సంచీలో కూడా చెయ్యి పెట్టి చూసేవాళ్ళట. చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం ఉండేది కాదు, వాళ్ళ పని వాళ్ళు చేశారన్నట్టు చెప్పేవాడు, పసుపుకొమ్ముల కింద ఏమున్నదీ మాత్రం ఎన్నడూ చెప్పలేదు. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతుల్లోకి తీసుకుంది, 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి ఇది దాని కిందికొచ్చింది. ప్లాట్‌ఫాం మీద కూర్చున్న మనిషికి ఈ మార్పుల్లో ఒక్కటీ తెలిసే అవకాశం లేదు, బెంచీ అదే, వేపచెట్టు అదే, బండి ఆలస్యమూ అదే.

వేపచెట్టు కొమ్మకు కాదుగాని, మాస్టర్ గది ముందు వసారా దూలానికి మూరెడు పట్టా ముక్క ఇనప కొండీతో వేలాడుతూ ఉండేది. అదే గంట. పక్కన గోడకు ఆనించి ఒక ఇనప కడ్డీ. పక్క స్టేషన్‌లో బండి బయల్దేరిందంటే పోర్టరు వచ్చి కొట్టేవాడు, ఆ చప్పుడు మదనాపురం ఇళ్ళ దాకా, గాలి వాటుగా ఉంటే పొలాల్లో కలుపు తీసేవాళ్ళ దాకా వినబడేది, దాన్ని బట్టి సద్ది మూటలు విప్పేవాళ్ళు. టికెట్ ఇచ్చే కిటికీ ఆ గంట మోగాకే తెరుచుకునేది. లోపల చెక్క బీరువా, గడిగడికీ ఒక ఊరు, ఆ గడిలో అట్టముక్క టికెట్లు నిలువుగా పేర్చి ఉండేవి, కిందినుంచి ఒకటి లాగితే పైవి టపటపా జారేవి. లాగిన టికెట్‌ను తేదీ వేసే యంత్రంలో పెట్టి టక్కుమనిపిస్తే అంచు మీద అంకెలు సిరాతో కాక నొక్కుడుతో పడేవి, బొటనవేలితో తడిమితే తెలిసేవి. రెండు అంగుళాలకు కాస్త ఎక్కువ పొడుగు, అంగుళం పైన కాస్త వెడల్పు. ఆ కొలత మా స్టేషన్‌ది కాదు, 1830లలో ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లీషు స్టేషన్ మాస్టరు ఆలోచించి తెచ్చింది, లోకమంతా వాడింది. దిగేటప్పుడు గేటు దగ్గర టికెట్ తీసేసుకునేవాళ్ళు, దాచుకోనిచ్చేవాళ్ళు కాదు, అందుకే పిల్లలకు వాటి మీద అంత మోజు. తీసుకోవడం మరిచిపోయిన రోజున ఇంటికి తెచ్చి లెక్కల పుస్తకంలో పెట్టుకునేవాళ్ళం, కొన్నాళ్ళకు అట్ట పొరలు పొరలుగా విడిపోయేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది గోళం. మాస్టర్ గదిలో ఎర్ర రంగు పెట్టె, దానికి హ్యాండిలు, చిన్న గంట, ముల్లు. ముందు స్టేషన్ మాస్టరు అవతల తన పెట్టె దగ్గర ఒప్పుకుంటేనే ఇవతల పెట్టెలోంచి ఇనప గోళం ఒకటి గడగడా దొర్లి బయటపడుతుంది, పిడికిట్లో పట్టేంతది, దాని మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. ఆ గోళం చేతికి రానిదే డ్రైవరు బండి కదిలించకూడదు, రెండు స్టేషన్ల నడుమ ఒకేసారి ఒక్క గోళమే బయట ఉంటుంది కనుక ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురుపడటమన్న మాటే లేదు. దాన్ని తోలు సంచీలో వేసి, సంచీని పెద్ద బెత్తపు చుట్టకు కట్టి, ఆగని బండి వచ్చినప్పుడు పాయింట్స్‌మన్ పట్టాల పక్కన నిలబడి ఆ చుట్ట పైకెత్తి పట్టుకునేవాడు. ఇంజన్ మెట్టు మీదికి వంగిన ఫైర్‌మన్ భుజందాకా చెయ్యి దూర్చి దాన్ని లాక్కుపోతూ, మరో చేత్తో వెనకటి స్టేషన్ గోళమున్న చుట్ట విసిరేసేవాడు, అది కంకర మీద దొర్లుకుంటూ పోయి ఎక్కడో జిల్లేడు పొదల్లో పడితే పాయింట్స్‌మన్ తిట్టుకుంటూ వెతకబోయేవాడు. మేమూ వెంట పరిగెత్తేవాళ్ళం. రాత్రిళ్ళు ఇదే పని కందిలి వెలుగులో చెయ్యాలి. చెయ్యి విరిగినవాళ్ళుండేవారని తర్వాత విన్నాను, అప్పుడు మాకది ఆట.

సిగ్నళ్ళకు కిరసనాయిలు దీపాలుండేవి. పొద్దు గూకేముందు ఒక మనిషి నూనె డబ్బా, మసిగుడ్డ పట్టుకుని సిగ్నల్ స్తంభం నిచ్చెనెక్కి దీపం తుడిచి, వత్తి సరిచేసి, నూనె పోసి దిగేవాడు, ఆ తర్వాత ఇంకో చివరకు నడిచేవాడు. ఎండాకాలం, వానాకాలం అదే నడక. బండికి దారి ఇచ్చినప్పుడు ఎర్ర రెక్క కిందికి వాలేది, తీగ లాగుడు చప్పుడు పట్టాల పక్కనే సర్రున పాకుతూ పోయేది, అది విన్న ముసలివాళ్ళు లేచి నిలబడి అంగీలు దులుపుకునేవాళ్ళు. లేచినంత మాత్రాన బండి వస్తుందని కాదు.

"అన్నా, బండి యాడుంది?"

"కౌకుంట్ల కాడ ఆగింది. ఎదురు బండికి దారియ్యాలె."

"మరి ఎంతసేపయితది?"

"దాన్నే అడుగు, వచ్చినంక."

స్టేషన్‌కు పోవడమే ఒక ప్రయాణం. ఆర్టీసీ బస్సు ఉన్నా అది వచ్చే వేళకూ బండి వేళకూ పొంతన ఉండేది కాదు, అందుకని ఎద్దుల బండి కట్టుకుని రాత్రి బువ్వ తిన్నాక బయల్దేరేవాళ్ళు, బండిలో వరిగడ్డి, గడ్డి మీద జంపఖానా, దాని మీద పిల్లలు, కింద ఊగే కందిలి. అడ్డం ఊకచెట్టు వాగు. ఎండాకాలం దాని ఇసుకలో గిత్తలు మోకాళ్ళు పెట్టేవి, వానాకాలం దాని ఇష్టం. ఎగువన వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి పేరు మీద కట్టించిన సరళాసాగర్ ఉంది, 1959లో పూర్తయింది, నీళ్ళు ఒక మట్టానికి చేరితే మనిషి చెయ్యి పడకుండానే సైఫన్లు తెరుచుకునే కట్టడం, చూడటానికి దూరాల నుంచి ఇంజనీర్లు వచ్చేవాళ్ళు. మాకు మాత్రం సైఫన్లు పడ్డాయంటే దారి బంద్ అనే అర్థం. ఒకసారి ఆషాఢమో శ్రావణమో, చిన్నమ్మకు నొప్పులు మొదలై కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే వాగు వచ్చింది. ఇవతలి గడ్డ మీద బండి నిలిపి కూర్చున్నారు. అవతల గంట కొట్టడం వినబడింది, రైలు రావడం వినబడింది, ఆగడం, కూత వేసి కదలడం అన్నీ వరసగా వినబడ్డాయి. బండిలోనే పుట్టాడు పిల్లవాడు, బతికాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు. ఇంట్లో అందరూ నవ్వుతూ చెప్పుకునే కథ ఇది, చిన్నమ్మ ఒక్కతే నవ్వేది కాదు.

వానకూ ఈ లైనుకూ ఇంకో పాత లెక్క ఉంది. 1956 సెప్టెంబరు 2 రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్ల నడుమ వంతెన కూలి ప్యాసింజర్ బండి పెట్టెలు వరదలో పడ్డాయి, వందమందికి పైగా పోయారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి ఇంకా రెండు నెలలుంది, మాది హైదరాబాద్ రాష్ట్రం. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర అలాంటి ప్రమాదమే మళ్ళీ జరిగాక శాస్త్రి ఈసారి నిలబడి రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు. దేశం గుర్తుపెట్టుకున్నది ఆ రాజీనామాను, పాఠాల్లో చెప్పేదీ దాన్నే. అవ్వకు శాస్త్రి సంగతి తెలియదు, ముసురు పట్టిన రోజు ఇంట్లో ఎవరైనా రైలెక్కుతానంటే "జడ్చర్ల మరిచిండ్రా" అనేది, అంతే, ప్రయాణం ఆగిపోయేది. వంతెన మీద బండి నెమ్మదించినప్పుడు కొంగు ముడి విప్పి పైసా కృష్ణలో వేసేవాళ్ళలో ఆమె ఒకతె. పైసా కిటికీ కడ్డీలకు తగిలి లోపలే పడితే మళ్ళీ తీసి వేసేది.

వాసనల విషయానికొస్తే బొగ్గుపొగదే పెత్తనం. వైపీ ఇంజన్లు ప్యాసింజర్లకు, వైజీ ఇంజన్లు గూడ్సులకు. టాటాల జంషెడ్‌పూర్ కార్ఖానాలో 1970 దాకా ఈ వైపీలు తయారయ్యాయంటే మా బాల్యానికి అవేం పాతవి కావు, మాకే పాతగా కనిపించేవి. కిటికీ పక్కన కూర్చున్నవాడి కంట్లో బొగ్గు నలుసు పడటం ఖాయం, కొంగు కొసను ఉండచేసి నోటి ఆవిరి పట్టించి కన్ను అద్దడం అమ్మలందరికీ వచ్చిన వైద్యం. ఆ పొగ కింద ఇంకెన్నో వాసనలు. గూడ్స్ షెడ్డులో పల్లీల బస్తాలు, తడిసిన గోనె, చేతిగంప మీద వేసిన వేపమండలు, సీతాఫలాల కాలంలో బాలానగర్ వైపు నుంచి పండిన కాయల తీపి వాసన పెట్టె పెట్టెనా నిండి గింజలు కాళ్ళ కింద జారేవి. గద్వాల నుంచి చీరల వ్యాపారులు ఎక్కేవాళ్ళు, నూలు ఒళ్ళూ పట్టు అంచూ ఉన్న చీరల మూటను నెత్తి కింద పెట్టుకుని పడుకునేవాళ్ళు, ఎంత నిద్రలోనూ చెయ్యి ముడి మీదే. మగ్గం మీద ఒక చీరకు ఎన్ని రోజుల కూలి దాగి ఉందో ఆ చేతిని చూస్తే తెలిసేది.

ఎక్కువ మంది ఎక్కింది మాత్రం వాళ్ళు కాదు. వానలు మొండిచేయి చూపిన ఏడు, చూపని ఏడు కూడా, పంట ఇంటికొచ్చాక ప్లాట్‌ఫాం మీద పలుగులు, పారలు, తట్టలు, సత్తు గిన్నెలు, జొన్నపిండి మూటలు కుప్పలు పడేవి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాడు కనుక ఊళ్ళకు ఊళ్ళే కదిలేవి, బొంబాయికి, పుణెకు, ఎక్కడ డ్యాం కడుతుంటే అక్కడికి. దేశంలో ఏ కట్ట పోసినా పాలమూరు లేబర్ చెమట అందులో ఉందని గొప్పగా చెప్పుకోవడం తర్వాత మొదలైంది, అప్పుడు ప్లాట్‌ఫాం మీద గొప్పేమీ కనిపించేది కాదు. పాలు మరవని పిల్లలు తల్లుల చంకలో, కాస్త పెద్దవాళ్ళు ముసలవ్వ చెయ్యి పట్టుకుని ఇవతల. రాత్రి బండికే ఎక్కేవాళ్ళు, పగలు ఎక్కితే అప్పులవాళ్ళు చూస్తారని. ఈ స్టేషన్ను తలచుకుని మురిసిపోదామనుకున్నప్పుడల్లా నాకు ఆ సత్తు గిన్నెలు అడ్డం వస్తాయి. మాకు సెలవుల్లో మేనత్త ఊరికి పోయే సంబరాన్నిచ్చిన పట్టాలే వాళ్ళను ఊరు దాటించాయి.

నీళ్ళ కుండల సంగతీ చెప్పాలి. వేపచెట్టు కింద గట్టు మీద రెండు పెద్ద కుండలు, ఇసుకలో పాతి, తడిగుడ్డ చుట్టి, ఎండాకాలం ఆ నీళ్ళ చల్లదనం ఇప్పటి ఫ్రిజ్జు నీళ్ళకు లేదు, ఇది ఒట్టు. పోసే మనిషి కొందరి చెంబుల్లో పోసేవాడు, కొందరిని వంగమని దోసిట్లో పైనుంచి పోసేవాడు, ఎవరికెలా పోయాలో అడక్కుండానే అతనికి తెలిసేది. దీపావళి దాటాక ఇదే ప్లాట్‌ఫాం కురుమూర్తి జాతరకు పోయేవాళ్ళతో కిక్కిరిసేది, పక్క స్టేషనే అయినా పెట్టెల పైకెక్కి, తలుపులకు వేలాడి పోయేవాళ్ళు. స్వామి నగలు మా ఆత్మకూరు నుంచి పోతాయి, ముక్కెర వంశపు రాజుల నాటి ఆనవాయితీ, ఇప్పుడు బ్యాంకులోంచి తీసి ఊరేగింపుగా తీసుకుపోతారు. స్వామి ఉద్దాలు చిన్నవడ్డెమాన్ దళితులు నిష్ఠగా చేసి తెస్తారు, ఆ తోలు పాదుకలను కులం ఏదైనా సరే నెత్తికి తాకించుకోవడానికి జనం తొక్కిసలాడతారు. ఆ ఉద్దాలు చేసిన చేతులే స్టేషన్‌లో దోసిళ్ళయ్యేవి. జాతర రోజున కూడా. ఆ కుండలు పోయాయి, వాటి చల్లని నీళ్ళూ పోయాయి, పోనీ.

మూడో తరగతి 1974లో పోయింది, అంటే పెట్టెల మీద మూడు గీతలు రెండయ్యాయి, చెక్క బల్లలు అవే. వెయిటింగ్ రూముకు ఎప్పుడూ తాళం ఉండేది, దాని అద్దం కిటికీకి ముక్కు ఆనించి చూస్తే పడక కుర్చీ, గోడకు నిలువుటద్దం, మూల కడవ కనబడేవి, దొరల కోసమని అనేవాళ్ళు, ఏ దొరా దాంట్లో కూర్చోగా నేను చూడలేదు. కాలం విలువ లేని చోట ఎదురుచూపు కూడా సుఖంగానే ఉంటుంది. మా కాలానికి అప్పట్లో విలువ లేదు కనుక ప్లాట్‌ఫాం మీద పులిజూదం గీసుకుని ఆడాం, పల్లీలు వలిచాం, ఎవరి పెళ్ళిళ్ళో కుదిర్చాం. రోగిని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు, ఉత్తరం అందుకుని బొంబాయి పోవాల్సినవాళ్ళు ఆ బెంచీల మీదే ఎట్లా కూర్చున్నారో మేం అడగలేదు.

1992లో దేశమంతా ఒకే గేజ్ ఉండాలని పని మొదలుపెట్టారు, ఆ దశాబ్దంలోనే మా లైను వంతూ వచ్చింది. ముందు సికింద్రాబాద్ వైపు, తర్వాత మెల్లగా కిందికి. కొన్నాళ్ళు బండ్లు రాలేదు, పట్టాల మీద మేకలు పడుకున్నాయి. బోల్టులు విప్పి పాత పట్టాలను క్రేన్లతో ఎత్తి పక్కన పడేశారు, స్లీపరు చెక్కలు వేలంలో పోయాయి, వాటితో కట్టిన పశుల కొట్టాలకు ఇప్పటికీ చెద పట్టలేదని అంటారు. గోళాల పెట్టె ఎటు పోయిందో తెలియదు, పట్టా ముక్క గంట తుక్కులో పోయుంటుంది. ప్లాట్‌ఫాం ఎత్తు పెంచారు. దీపాలు తుడిచే మనిషి, నీళ్ళు పోసే మనిషి, చుట్ట పట్టుకుని నిలబడే మనిషి, ఒక్కొక్కరుగా కాదు, ఆ పనులే పోయాయి. చీకట్లో ఇంజన్ చప్పుడు విని ఎంత బరువు లాగుతోందో చెప్పగలిగిన పాయింట్స్‌మన్ ఒకాయన ఉండేవాడు, ఆ విద్యకు పెద్ద లైనులో ఏ ఉద్యోగమూ లేదు. రిటైరయ్యే దాకా కుర్చీలో కూర్చుని బటన్లు చూశాడు. సుఖంగా ఉందని చెప్పాడు, నమ్మాను, నమ్మకూడదనడానికి నేనెవర్ని, కంకర మీద పరిగెత్తింది ఆయన మోకాళ్ళు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఇంకోటీ పోయింది. 1981లో శంకుస్థాపన చేసిన జూరాల 1995లో నిండింది, డ్యాం మీదుగా ఆత్మకూరుకూ గద్వాలకూ నేరుగా రోడ్డు పడింది. అప్పటిదాకా గద్వాల చేరాలంటే మదనాపురం వెళ్ళి రైలెక్కి కృష్ణ దాటాలి, లేదా బీచుపల్లి చుట్టూ తిరగాలి, లేదా పుట్టి. వెదురు తడకకు తోలు కప్పిన గుండ్రటి పుట్టి, సుడుల్లో తనచుట్టూ తాను తిరుగుతూ సాగేది, పుట్టివాడు తెడ్డుతో ఏటిని బుజ్జగిస్తున్నట్టే ఉండేది గాని, నిండు ఏట్లో మునిగిన పుట్టిల కథలు ఒడ్డు ఊళ్ళలో ప్రతి ఇంటా ఉన్నాయి. చిన్న బండీ పుట్టీ ఇంచుమించు ఒకే దశాబ్దంలో కనుమరుగయ్యాయి, రెంటికీ ఎవరూ సంతాపసభ పెట్టలేదు. కాలువ నీళ్ళొచ్చిన చోట జొన్నచేలు వరిమళ్ళయ్యాయి, పల్లీల బస్తాల చోట వడ్ల బస్తాలు, అవి లారీల్లో పోతాయి. డ్యాం కింద చేపలు వేయించి అమ్మే దుకాణాలు వెలిశాయి, ఆదివారాలు కార్లు బారులు తీరతాయి. ఆత్మకూరువాళ్ళకు స్టేషన్ అవసరం సగం ఆ రోడ్డుతోనే తీరిపోయింది, పెద్ద లైను రాకముందే.

ఇంగ్లండులో 1963లో బీచింగ్ అనే ఆయన లెక్కలు వేసి రెండువేల పైచిలుకు స్టేషన్లు మూసెయ్యమన్నాడు, అవి ఇప్పుడు ఇళ్ళు, హోటళ్ళు, నడకదారులు, వాటి మీద పుస్తకాలు, సంఘాలు. మన దగ్గర అలా పూర్తిగా మూతపడ్డవి తక్కువ. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధం రాగానే 1940లో పట్టాలు పీకి, మళ్ళీ 2004లో వేశారు. బొబ్బిలి నుంచి సాలూరుకు ఒక్క పెట్టె రైలుబస్సు చాలా ఏళ్ళు నడిచింది. అక్కడివాళ్ళకు చూపించడానికి ఖాళీ కట్టలైనా ఉండేవి. మాకు అదీ లేదు, పాత కట్ట మీదే కొత్త పట్టాలు వేశారు, చోటు అదే, పేరు అదే, పోయింది ఏదో చూపించు అంటే వేలు పెట్టి చూపడానికి ఏమీ మిగల్లేదు.

2016లో వనపర్తి జిల్లా అయింది, మదనాపురం మండలమైంది. 2023 అక్టోబరులో జక్లేర్ నుంచి కృష్ణ స్టేషన్ దాకా పట్టాలు జాతికి అంకితమై దేవరకద్ర నుంచి కర్ణాటక వైపు కొత్త దారి పూర్తయింది, ఆ ఏడే మహబూబ్‌నగర్–ద్రోణాచలం రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. రెండో లైను పడితే ఎదురు బండికి దారివ్వడానికి ఆగాల్సిన పనే ఉండదు. మంచిదే, నేను కూడా ఆగడానికి ఇష్టపడను, మహబూబ్‌నగర్ అవుటర్‌లో పది నిమిషాలు ఆగితే ఫోను తీసి బండి ఎక్కడుందో చూసుకుంటాను, నేను ఆ బండిలోనే ఉన్నా సరే.

మొన్న ఆత్మకూరులో ఒక పెళ్ళిలో పందిరి కింద మా పెద్దనాయనకూ, అమరచింత నుంచి వచ్చిన ఆయన ఈడు మనిషికీ పంచాయితీ పడింది. చిన్న లైను కాలంలో తిరుపతి బండి మన స్టేషన్‌కు వచ్చేది ఎన్ని గంటలకు అని. ఒకాయన పది దాటాక అన్నాడు, రెండో ఆయన "ఏం మాటలు పటేలా, నడిరాత్రి దాటినంకనే, నేను ఎన్నిమార్లు ఎక్కలే" అన్నాడు. పక్కనున్న కుర్రవాడొకడు ఫోనులో వెతికాడు, ఇప్పటి వేళలు దొరికాయి, అప్పటివి దొరకలేదు. నన్ను అడిగారు. ఇద్దరు చెప్పిందీ నిజమేనని, అది ఏ రెండు రోజులూ ఒక వేళకు రాలేదు గదా అని అన్నాను. ఇద్దరికీ నచ్చలేదు. టైముకే వచ్చేదని, ఆలస్యమనేది పగటి ప్యాసింజరుకేనని ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. ఈలోగా బువ్వకు లేవమన్నారు, పంక్తిలో కూర్చున్నాక కూడా విస్తరి మీద నీళ్ళు చల్లుకుంటూ పెద్దనాయన పక్కాయనతో అంటున్నాడు, పదింబావు, రాస్కో, పదింబావు.